రెండేళ్లయినా ఇంకా అడుగులేనా?

ప్రశ్న: అక్కా, మా పాపకి పదేళ్లు. రెండేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది, వారానికి రెండు రోజులు, రోజుకో గంట. ఇప్పటికీ అడుగులే చేయిస్తున్నారు, ఒక్క ఐటమ్ కూడా మొదలుపెట్టలేదు. పక్క ఫ్లాట్ పాప వేరే క్లాసులో చేరిన ఎనిమిది నెలలకే స్టేజి ఎక్కేసింది. మా పాపేమో రోజూ అదేనా అని విసుక్కుంటోంది, మోకాళ్లు నొప్పి అంటోంది. ముద్రల శ్లోకాలు బట్టీ పట్టిస్తారు, అర్థం అడిగితే "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అంటారట. తప్పు చేస్తే కర్రతో కాలి మీద ఒకటి వేస్తారట కూడా. క్రమశిక్షణ వస్తుంది, మన సంస్కృతి తెలుస్తుంది అని చేర్పించాం. మా వారు మాన్పించేసి అబాకస్‌లో వేద్దాం అంటున్నారు. అసలు ఇంత కష్టపడడంలో అర్థం ఏంటక్కా? గజ్జెలు కొనిపెడితే కాస్త ఉత్సాహం వస్తుందేమో, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేయమంటారా?
— ఒక అమ్మ

జవాబు: అక్కా అన్నారు కాబట్టి అక్కలాగే మాట్లాడతాను, మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో నాలుగైదు సంగతులు కలిసిపోయాయి. అందులో ఒకటి మాత్రం రేపటికి వాయిదా వేసేది కాదు, ముందు అది తేల్చేద్దాం.

కర్ర. డాన్స్ క్లాసులో కర్ర ఉంటుంది, ఉండాలి కూడా. చెక్క దిమ్మ మీద తాళం వేయడానికి ఉంటుంది అది. పిల్ల కాలి మీద దానికేం పని? నేను ఎనిమిదేళ్లప్పుడు చేరిన మొదటి క్లాసులో మా మాస్టారు కొట్టేవారు కాదు, విసిరేవారు. ఎవరి అడుగు తప్పితే వాళ్ల వైపు కర్ర వచ్చి పడేది. ఒంటికి తగిలింది ఒకటి రెండుసార్లే అయినా రెండేళ్లపాటు నా చెవులు తాళం వినలేదు, కర్ర ఎప్పుడు లేస్తుందా అని కళ్లు అటే ఉండేవి. తర్వాత ఊరు మారి వేరే టీచర్ దగ్గర చేరితే ఆవిడ మొదటిరోజే అడిగిన మాట, "ఏమ్మా, నీ భుజాలు చెవుల దగ్గరికి ఎందుకు వెళ్లిపోతున్నాయి?" అని. నాకు తెలీనే తెలీదు. దెబ్బ పడుతుందేమోనని ముందే ముడుచుకుపోవడం అలవాటైపోయి అదే నా నిలబడే తీరు అయిపోయింది. ఆ భుజాలు కిందికి దిగడానికి దాదాపు ఏడాది పట్టింది. బిగుసుకుపోయిన ఒంట్లో అభినయం పుట్టదండీ, ఎంత అందంగా అడుగు వేసినా చూసేవాళ్లకి భయమే కనిపిస్తుంది.

బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. డాన్స్ క్లాసు బడి కాదు కదా అని ఎవరైనా లాపాయింటు తీస్తే తీయనీయండి, మీరు మాత్రం ఈ వారమే వెళ్లి, పిల్లల ముందు కాకుండా విడిగా, "మా పాపని కొట్టకండి, ఏం తప్పు చేసిందో చెప్పండి, ఇంట్లో నేను చేయిస్తాను" అని మర్యాదగానే చెప్పండి. సరే అంటే మంచిది. "కొట్టకపోతే విద్య రాదు" అని వాదనకి దిగితే మిగతా ఉత్తరం చదవక్కర్లేదు, క్లాసు మార్చేయండి. గురువు మీద గౌరవం వేరే, దెబ్బ వేరే. రెండూ ఒకటే అని ఎవరో మన తలల్లో పెట్టేశారు.

ఇక మోకాళ్లు. ఇది తేలిగ్గా తీసుకునేది కాదు గానీ కంగారుపడాల్సిందీ కాదు. అరమండి అంటే పాదాలు పక్కలకి తిప్పి మోకాళ్లు వంచి కూర్చున్నట్టు నిలబడడం అని మీకు తెలుసు. ఆ తిప్పడం తుంటి దగ్గర నుంచి రావాలి. పిల్లలు ఏం చేస్తారంటే, టీచర్ "ఇంకా తిప్పు, ఇంకా తిప్పు" అనగానే పాదాల్ని బలవంతంగా పక్కకి పెట్టేసి మోకాళ్లని ముందుకే ఉంచేస్తారు. ఒంటి బరువంతా మెలిపడిన మోకాలి మీద పడుతుంది, నొప్పి రాక ఏమవుతుంది. ఇవాళ పాపని అరమండిలో నిలబెట్టి ఎదురుగా కింద కూర్చుని చూడండి. మోకాలి చిప్ప కాలివేళ్లు చూస్తున్న వైపే చూడాలి. లోపలికి వాలిపోతుంటే పాదాలు కొంచెం తక్కువ తిప్పి నిలబడమనండి, తుంటి వదులయ్యే కొద్దీ అదే తెరుచుకుంటుంది. రాతి నేల మీదో టైల్స్ మీదో అదే పనిగా కాళ్లు కొట్టించకండి. ప్రాక్టీసుకి ముందు ఐదు నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా కదిలించడం తప్పనిసరి. వాపు ఉన్నా, మెట్లు దిగేటప్పుడు నొప్పి ఉన్నా, రెండు మూడు రోజులు మానేసినా తగ్గకపోయినా డాక్టరుకి చూపించండి. "డాన్స్ అన్నాక నొప్పులు మామూలే" అనే మాట తొడల విషయంలో నిజం, మోకాళ్ల విషయంలో కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రెండేళ్లు అంటున్నారు. వినడానికి పెద్దగా ఉంది కానీ లెక్క వేసి చూడండి. వారానికి రెండు గంటలు, అందులో పండగలు, పరీక్షలు, జ్వరాలు, టీచర్ గారి సొంత ప్రోగ్రాములు తీసేస్తే ఏడాదికి 80 గంటలు వస్తే గొప్ప. రెండేళ్లకి 160. ఇంట్లో ప్రాక్టీసు లేకపోతే అదంతా కలిపినా పాప బడిలో ఒక నెల గడిపినంత సమయం. కాబట్టి "రెండేళ్లయినా" అనే మాటని కాస్త తగ్గించి చదువుకున్నాను నేను. అలాగని టీచర్ గారిని పూర్తిగా సమర్థించను. రెండేళ్లలో కౌత్వం అనే చిన్న దేవతాస్తుతి నాట్యమో, శ్లోకానికి అభినయమో, ఏదో ఒకటి పిల్ల చేతిలో పెట్టొచ్చు, చాలామంది మంచి టీచర్లు పెడతారు కూడా, పిల్లకి తను నేర్చుకున్నది ఎక్కడికి వెళ్తుందో కనిపించాలి కదా. కానీ అడుగులు ఎక్కువకాలం చేయించడం అనేది మీరు అనుకుంటున్నట్టు కాలక్షేపం మాత్రం కాదు.

ఒక పరీక్ష చెప్తాను, ఇంట్లోనే చేయండి. పాపకి బాగా వచ్చిన అడుగు ఏదో ఒకటి మూడో కాలంలో, అంటే బాగా వేగంగా చేయమనండి. టకటకా చేసేస్తుంది, మీకు ముచ్చటేస్తుంది. ఇప్పుడు అదే అడుగుని మొదటి కాలంలో, నెమ్మదిగా, నోటితో జతి, అంటే ఆ అడుగు తాలూకు అక్షరాలు, తనే చెప్పుకుంటూ చేయమనండి. అప్పుడు బయటపడుతుంది అసలు రంగు. చెయ్యి సగం దూరంలో ఏం చేయాలో తెలీక ఆగిపోతుంది, అరమండి మెల్లగా పైకి లేచిపోతుంది, చూపు ఎటో పోతుంది, మడమ కింద పడేలోపు నోట్లో "ధిమి" అయిపోతుంది. వేగంలో తప్పులు దాక్కుంటాయి, నెమ్మదిలో దాక్కోవడానికి చోటు ఉండదు. మా రెండో టీచర్ గారు ఎవరైనా "నాకు వచ్చేసింది" అంటే చాలు, "అయితే విలంబంలో చెయ్" అనేవారు, క్లాసులో అందరం తలలు దించుకునేవాళ్లం.

దీంతో పాటే ఇంకోటి. ఆదితాళం చేత్తో వేయమనండి, ఒక దెబ్బ, మూడు వేళ్లు లెక్క, తర్వాత దెబ్బ తిప్పు, దెబ్బ తిప్పు, మొత్తం ఎనిమిది. వేస్తూనే నోటితో మూడు అక్షరాల తకిట, నాలుగు అక్షరాల తకధిమి, ఐదుకి తకతకిట, ఏడుకి తకిట తకధిమి, మారుస్తూ చెప్పమనండి. వేళ్లు ఆగకుండా మాట మార్చగలిగితే మీ పాప చాలా నేర్చుకుంది, టీచర్ గారు ఊరికే కూర్చోలేదని అర్థం. రెండేళ్ల తర్వాత కూడా తాళం వేయడమే రాకపోతే, అప్పుడు మీ అనుమానంలో న్యాయం ఉంది.

పక్క ఫ్లాట్ పాప సంగతి కూడా దీన్నిబట్టే ఆలోచించండి. ఆ పిల్లని తక్కువ చేయక్కర్లేదు. స్టేజి ఎక్కి నలుగురి ముందు నిలబడడం చిన్న విషయమేమీ కాదు, ఆ సంతోషం ఆ పిల్లకి దక్కనీయండి. కాకపోతే ఎనిమిది నెలల్లో నేర్పగలిగింది ఒక పాట, ఆ పాటకి కదలికల వరస. ఆ పాట అయిపోయాక ఇంకో పాట కావాలంటే మళ్లీ మొదటి నుంచి ఎవరో చూపించాలి. అడుగులు ఒంటబట్టిన పిల్లకి కొత్త ఐటమ్ ఇస్తే, అందులో సగం తనకి ముందే తెలుసు, ఫలానా అడుగు, ఫలానా కాలం అని చెప్తే పట్టేసుకుంటుంది. చదవడం వచ్చిన పిల్లకీ ఒక పద్యం కంఠతా వచ్చిన పిల్లకీ ఉన్న తేడా అనుకోండి.

అర్థం గురించి అడిగారు చూడండి, ఇక్కడే నాకు మీ టీచర్ గారితో పెద్ద పేచీ. "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అనే జవాబు కొన్నిటికి సరైనదే. కూచిపూడి పక్కనే ఉన్న మొవ్వ గోపాలుడి మీద క్షేత్రయ్య పదాలు రాశాడు, అందులో నాయిక అలకా, నిష్ఠూరమూ పదేళ్ల పిల్లకి విడమర్చి చెప్పి ముఖంలో పలికించమనడం నాకు అసలు నచ్చదు, చూడ్డానికి కూడా ఇబ్బందిగా ఉంటుంది. వాటికి వయసు రావాలి, నిజమే. కానీ పతాక హస్తానికి, అంటే ఒక మామూలు చేతి ముద్రకి, ఏ వయసు రావాలండీ?

పాప బట్టీపట్టిన శ్లోకం ఇదే అయ్యుంటుంది, "నాట్యారంభే వారివాహే వనే వస్తునిషేధనే" అని మొదలవుతుంది, నందికేశ్వరుడి పాత నాట్యగ్రంథం అభినయదర్పణంలోది. ఒంటి చేత్తో పట్టే అసంయుత హస్తాలు అందులో 28, మొదటిది పతాక. నాలుగు వేళ్లూ చాపి బొటనవేలు వంచి పక్కకి ఆనించడం, అంతే. ఆ ఒక్క చెయ్యే నాట్యం మొదలుపెట్టడానికి, మబ్బుకి, అడవికి, వద్దు అనడానికి. శ్లోకం ఇంకా ముందుకెళ్తే నది అంటుంది, గుర్రం అంటుంది, గాలి, రాత్రి, నిద్ర, నరకడం, ఇలా పోతూనే ఉంటుంది. మరి ఒకే చెయ్యి మబ్బెలా అయింది, నదెలా అయింది? చెయ్యి మారలేదు, అది కదిలే తీరు మారింది, దాని వెంట వెళ్లే చూపు మారింది. ఇది పదేళ్ల పిల్లకి చెప్తే ఎగిరి గంతేస్తుంది. మా మేనకోడలికి ఇదే ఆటలా పెట్టాను ఒకసారి, పతాక పట్టి ఏదో ఒకటి చూపించు, నేను కనిపెడతా అని. మొదట పది నిమిషాలు ఏది చూపించినా నాకు దోశలు వేస్తున్నట్టే కనిపించింది. తర్వాత తనే ఆలోచించుకుని, మోచెయ్యి వదులు చేసి, కళ్లతో దూరం నుంచి దగ్గరికి చూస్తూ ఒక ఏరు పారించింది. ఆ పిల్ల ముఖం చూడాలి అప్పుడు! అర్థం ముందు చెప్పి శ్లోకం తర్వాత ఇస్తే బట్టీ అనిపించదు, తను కనిపెట్టినదానికి ఎవరో ముందే పేరు పెట్టి ఉంచారని తెలిస్తే ముచ్చటపడుతుంది.

నాకు క్రమశిక్షణ అంటే ఏంటో తెలిసింది ఒక ఉట్టి దగ్గర. వెన్నదొంగ కృష్ణుడి సంచారి, అంటే పాటలో ఒక మాట పట్టుకుని కథలా అల్లి చేసే అభినయం, నేర్పుతున్నారు మాకు. ఉట్టి అందుకోబోవడం, అందకపోవడం, పీట తెచ్చుకుని ఎక్కడం, కుండలో చెయ్యి పెట్టడం, ఎవరైనా వస్తున్నారా అని వెనక్కి చూడడం. నేను బాగానే చేస్తున్నాననుకున్నాను. టీచర్ గారు తాళం ఆపి, "కుండ ఎక్కడుంది?" అన్నారు. పైన అన్నాను. "పైన ఎక్కడ?" చూపించాను. "మరి నిన్న గుమ్మానికి కుడిపక్కన ఉంది కదా, రాత్రికి రాత్రి ఎవరు మార్చారు?" అందరూ నవ్వారు, నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఇంటికెళ్లి మా వంటింట్లో గోడకి ఉన్న ఒక మేకుని కుండ అనుకుని, కళ్లు మూసుకుని రెండు అడుగులు పక్కకి వేసి, మళ్లీ తెరిచి చూడకుండా చెయ్యి సరిగ్గా అక్కడికే పోతుందా లేదా అని ఎన్నిసార్లు చేశానో. పీట ఎక్కాక కుండ దగ్గరవ్వాలి, అంటే చూపు కిందికి రావాలి, అది తట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. లేని కుండ రోజూ ఒకే చోట ఉండాలి, ఒకే బరువు ఉండాలి, వెన్న తీశాక కొంచెం తేలికవ్వాలి. అప్పుడే ఎదురుగా కూర్చున్న ముసలమ్మకి ఆ కుండ కనిపిస్తుంది.

మీ పాప అరమండిలో నిలబడి అదే అడుగు నూటొకటోసారి వేస్తున్నప్పుడు జరుగుతున్నది ఈ పనికి ముందు సరంజామా. కాళ్లు వాటంతట అవి తాళంలో పడిపోవాలి, అప్పుడు గానీ మనసుకి కుండ గురించి ఆలోచించే తీరిక దొరకదు. అభినయదర్పణంలోనే ఇంకో శ్లోకం ఉంది, డాన్స్ నేర్చుకున్నవాళ్లందరికీ తెలిసిందే, "యతో హస్తః తతో దృష్టిః" అని. చెయ్యి ఎటో చూపు అటు, చూపు ఎటో మనసు అటు, మనసు ఎటో భావం అటు, భావం ఉన్నచోట రసం. చదివితే ఏదో వేదాంతంలా ఉంటుంది గానీ నా దృష్టిలో ఇది వంట చేసే క్రమం లాంటిది, ఒకటి అయ్యాకే ఇంకోటి. చెయ్యి ఎక్కడ పెట్టాలో ఇంకా వెతుక్కుంటున్న పిల్ల చూపు ఎక్కడ నిలుపుతుంది?

"క్రమశిక్షణ వస్తుందని చేర్పించాం" అన్నారు. ఒక మాట అడుగుతాను, క్రమశిక్షణే కావాలంటే కరాటే ఉంది, ఈత ఉంది, మీ వారన్న అబాకస్ కూడా ఉంది, వాటిలోనూ రోజూ కూర్చోవాలి, లేకపోతే రాదు. దానికోసమే అయితే డాన్సే అక్కర్లేదు. డాన్స్‌ని మంచి అలవాట్ల టానిక్‌లా పిల్లలకి తాగించడం చూస్తే నాకు చిరాకు. నిజం చెప్పాలంటే, నాకు తెలిసిన గొప్ప డాన్సర్లలో గది సర్దుకోనివాళ్లు, ఫోన్ ఎత్తనివాళ్లు, ఎక్కడికైనా అరగంట ఆలస్యంగా వచ్చేవాళ్లు బోలెడుమంది. వాళ్ల క్రమం అంతా ఆ తాళం లోపలే.

ఇక "మన సంస్కృతి" అనే మాట. తప్పనడం లేదు, కానీ ఆ సంస్కృతి ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో కూడా పాపకి కాస్త కాస్త చెప్పండి, అప్పుడు ఆ మాటకి బరువు ఉంటుంది. కృష్ణా జిల్లా కూచిపూడిలో భాగవతులు, అంటే ఈ ఆట ఆడే కళాకారులు, అంతా మగవాళ్లే, సిద్ధేంద్రయోగి రాసిన భామాకలాపం నాటకంలో తెర మీదుగా జడ విసిరి "దమ్ముంటే రండి" అన్నంత టెక్కుతో వచ్చే సత్యభామ కూడా మగవాడే. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు (1935–2012) ఆ వేషం కడితే ఆడవాళ్లే ఆయన నడక చూసి నేర్చుకోవాలనిపించేదని మా నాన్నమ్మ చెప్పేది. అంటే మీ పాప లాంటి ఆడపిల్ల ఈ క్లాసులో నిలబడడం ఒకప్పుడు "సంప్రదాయం" కాదు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి లాంటివాళ్లు ఆడవాళ్లకి నేర్పారు కాబట్టి, వెంపటి చినసత్యం గారు మద్రాసులో 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి అమ్మాయిల్ని తయారుచేశారు కాబట్టి ఇవాళ ఇలా ఉంది. ఇంకోపక్క గుళ్లలో, కొలువుల్లో తరతరాలుగా అభినయాన్ని బతికించిన కళావంతుల ఆడవాళ్లని సమాజం ఏమందో, 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చాక వాళ్ల ఆట ఎలా ఆగిపోయిందో అదీ ఈ కథలో భాగమే. ఆ చట్టం అవసరమైందే, పిల్లల్ని దేవుడికి ఇచ్చేయడం ఆగాలి. కానీ వాళ్ల దగ్గరున్న విద్యని మాత్రం పెద్దింటి పిల్లల క్లాసుల్లోకి తెచ్చుకుని వాళ్ల పేరు చెప్పడం మానేశాం, అది న్యాయం కాదు. పదేళ్ల పిల్లకి ఇదంతా ఇప్పుడే కాదు, పద్నాలుగు పదిహేనుకి చెప్పండి.

ఇప్పుడు చూపించగలిగేది ఒకటుంది. వీలైతే సెలవుల్లో ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి తీసుకెళ్లండి. 1213 నాటిది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, అది సరే. లోపల స్తంభాల మీద, దూలాల మీద నాట్యం చేస్తున్న బొమ్మల ముందు పాపని నిలబెట్టి మోకాళ్లు చూడమనండి. ఎనిమిది వందల ఏళ్ల కింద రాతిలో వంగిన ఆ మోకాళ్లకీ తను రోజూ విసుక్కుంటున్నదానికీ చుట్టరికం ఏంటో తనకే తెలుస్తుంది. కాకతీయ గణపతిదేవుడి సేనాని జాయపుడు ఆ కాలంలోనే నృత్తరత్నావళి రాశాడు. ఏనుగుల దళాన్ని నడిపిన మనిషి కూర్చుని అడుగుల గురించి గ్రంథం రాశాడంటే మీ వారికి కూడా కాస్త ఆసక్తిగా ఉంటుందేమో చూడండి.

సరే, మాన్పించాలా వద్దా? ఒకరోజు క్లాసుకెళ్లి చివర్లో కూర్చోండి, ఫోన్ లోపల పెట్టేసి. ఎంతమంది పిల్లలున్నారు, మీ పాప దగ్గరికి వచ్చి టీచర్ ఒక్కసారైనా చెయ్యి సరిచేశారా చూడండి. తర్వాత ఆవిడని "ఐటమ్ ఎప్పుడు?" అని అడగకండి, ఆ ప్రశ్న వినీ వినీ ఏ టీచర్‌కైనా ఒళ్లు మండుతుంది. "మా పాప ఎక్కడ ఆగిపోయింది?" అని అడగండి. పిల్లని గమనిస్తున్న టీచర్ అయితే వెంటనే చెప్తుంది, అరమండి దిగట్లేదనో, మిశ్రంలో, అంటే ఆ ఏడు అక్షరాల లెక్కలో, తాళం జారుతోందనో, ఎడమ చెయ్యి చచ్చుబడిపోతోందనో. అలాంటి జవాబు వస్తే ఇంకో ఆరు నెలలు ఉండండి, కళ్లు మూసుకుని. "ఇంకా టైమ్ పడుతుందండి" అని ఊరుకుంటే ఆవిడకి మీ పాప ముఖం గుర్తుంది గానీ కాళ్లు గుర్తులేవని అర్థం. శ్లోకాల అర్థం గురించి కూడా అడగండి, వారానికి ఒక్క హస్తానికైనా చెప్పమనండి. అసలు పుస్తకం తెచ్చుకుని మీరే ఇంట్లో చెప్పొచ్చు, టీచర్ చెప్పేదాకా ఆగాల్సిన పనిలేదు.

ఇంట్లో రోజుకి పదిహేను ఇరవై నిమిషాలు చాలు, అంతకు మించి కూర్చోబెట్టకండి. మొదట్లో ఆ ఐదు నిమిషాలు ఒళ్లు వేడెక్కడానికి, తర్వాత ఒక అడుగు మూడు కాలాల్లో, చివర ఐదు నిమిషాలు తనిష్టం వచ్చింది, సినిమా పాటకి గెంతినా సరే. తనిష్టం అనే ఆ ఐదు నిమిషాలు తీసేస్తే మిగతాది ఎన్నాళ్లో నిలవదు, నా అనుభవం అది.

ఇదంతా చేశాక కూడా, కొట్టడం ఆగి, నొప్పి తగ్గి, అర్థం తెలిసి, అప్పటికీ పాప "నాకు ఇష్టం లేదమ్మా" అంటే మాన్పించేయండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇప్పుడు తను విసుక్కుంటున్నది డాన్స్ మీదో, దెబ్బ మీదో, మోకాలి మీదో మీకూ తెలీదు, తనకీ తెలీదు, అందుకే ఇవాళే మాన్పించొద్దంటున్నాను. నేను ఇంటర్‌లో మానేశాను, కోచింగ్ అన్నారు. ముప్పై నాలుగేళ్లప్పుడు మళ్లీ మొదటి అడుగు నుంచి మొదలుపెట్టాను, పక్కన ఏడేళ్ల పిల్లలు నన్ను "ఆంటీ, అరమండి" అని సరిచేస్తుండేవాళ్లు. భుజాలు మాత్రం కిందే ఉన్నాయి. అబాకస్ గురించి నాకు ఏమీ తెలీదు, మీ వారిష్టం, కానీ రెండూ ఒకేసారి మొదలుపెట్టి పిల్లని ఆటోలోనే పెంచకండి.

గజ్జెలు ఇప్పుడే ఆర్డర్ పెట్టొద్దు. ఉత్సాహం వస్తుంది, నిజమే, ఒక వారం. తర్వాత అవి చాడీలు చెప్పడం మొదలెడతాయి, మడమ అర క్షణం ఆలస్యమైతే చాలు, రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. అంతకంటే కష్టం వాటిని ఊరుకోబెట్టడం. మా టీచర్ గారు గజ్జెలు కట్టించిన మొదటిరోజు ఆడించలేదు, గది ఈ చివర నుంచి ఆ చివరకి చప్పుడు రాకుండా నడవమన్నారు. ఏ ఒక్కరమూ సగం కూడా దాటలేదు. చాలాచోట్ల గురువే పూజ చేసి శిష్యురాలి చేతికి ఇస్తారు, ఆ రోజు పాపకి పండగలా ఉంటుంది, దాన్ని కొరియర్ అబ్బాయికి వదిలేయకండి. టీచర్ గారు సరే అన్నాక పాపని వెంటబెట్టుకుని వెళ్లి కట్టి చూసి కొనండి, ఎదిగే పిల్ల కాబట్టి బకిల్ ఉన్నవి కాకుండా తాళ్లతో కట్టుకునేవి తీసుకోండి, తోలుదా గుడ్డదా అన్నది టీచర్ గారినే అడగండి. ఫ్లాట్ అన్నారుగా, కింది ఇంటివాళ్లతో ముందే ఓ మాట చెప్పి ఉంచండి.